కుచ్చుల చొక్కాకు పసుపు

నరసింహులు జీవితంలో చేసిన వేట మొత్తం కలిపితే ఒక్క బొద్దింక. అది కూడా చావలేదు. విసిరిన చెప్పు పోయి టీవీ రిమోట్‌కి తగిలింది, బొద్దింక తీరిగ్గా ఫ్రిజ్ కిందికి నడుచుకుంటూ పోయింది. పరుగెత్తాల్సినంత ప్రమాదం దానికెక్కడా కనిపించలేదు కాబోలు. శనివారం నాడు కోడిగుడ్డు ఉడికిన గిన్నె కూడా ముట్టుకోని మనిషి, కందిరీగ కనిపిస్తే భార్యని కేకేసే మనిషి. అలాంటివాడు 2021 ఆగస్టులో, జర్మనీలోని ఓడెన్‌వాల్డ్ అడవి మధ్య పచ్చిక బయల్లో, పద్దెనిమిదో శతాబ్దపు అమెరికా వేటగాడి వేషంలో నిలబడ్డాడు. ఒంటి మీద అంచులన్నీ కుచ్చులుగా వేలాడే లినెన్ చొక్కా, మొలకి గోచీ, తొడల దాకా తోలు గొట్టాలు, కాళ్ళకి మెత్తటి తోలు జోళ్ళు, మెడలో ఆవు కొమ్ము, నడికట్టులో చిన్న గొడ్డలి. అలా నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ ఏడుపుకి కారణం చిటికెడు పసుపు.

సొంతూరు బందరు. డార్మ్‌స్టాట్‌కి వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటే మిగతావాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. ఆ పని మీద ఎంత భక్తంటే ఇంట్లోనూ వదిలేవాడు కాదు. కౌసల్య పులిహోర కలిపితే గిన్నెలో మూడు మూలల నుంచి మూడు మెతుకులు తీసి నాలిక మీద వేసుకుని, కాసేపు ఆలోచించి, అప్పుడు బాగుందనేవాడు. ఏదైనా సరే, పరీక్షించకుండా జనం మీదికి వదలకూడదన్నది ఆయన మతం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

పక్క ఫ్లాటులో హోర్స్ట్ కెట్లర్ ఉండేవాడు. డెబ్బై దాటిన మనిషి, ట్రాము డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు, భార్య పోయింది, పిల్లల్లేరు. రెండు బాల్కనీలకీ మధ్య ఒక్క పల్చటి అడ్డుగోడ. ఇన్నేళ్ళ ఇరుగుపొరుగులో వాళ్ళు మాట్లాడుకున్నది మెట్ల మీద ఎదురుపడినప్పుడు ఒక హలో, ఒకసారి మాత్రం ఉల్లిపాయ తొక్కలు ఏ చెత్త డబ్బాలో వెయ్యాలన్న దాని మీద కాస్త వివరంగా. అంతే.

లాక్‌డౌన్ మొదలైన కొత్తలో నరసింహులుకి భయం పట్టుకుంది. కరోనా వస్తే ముక్కు వాసన పట్టదట అని ఎక్కడో చదివాడు. ఇక పొద్దున లేవగానే బాల్కనీలోకి వెళ్ళి గాలి గట్టిగా పీల్చేవాడు. దేవుడి దయ వల్ల పక్క బాల్కనీలోంచి భరించలేని కంపు ఒకటి రోజూ వచ్చేది. పచ్చితోలు నానబెట్టినట్టు, పొగ పెట్టినట్టు, కుక్క తడిసినట్టు. మామూలు రోజుల్లో అయితే ఇంటి ఓనరుకి ఫిర్యాదు చేసేవాడే. ఇప్పుడు మాత్రం కళ్ళు మూసుకుని నిండా పీల్చి, "కౌసల్యా, వస్తోంది! ఇవాళ్టికి బతికిపోయాం" అని లోపలికి వచ్చి కాఫీ తాగేవాడు.

ఒక రోజు పొద్దున వాసన రాలేదు.

మళ్ళీ పీల్చాడు. అడ్డుగోడకి ముక్కు ఆనించి పీల్చాడు. లేదు. పడగ్గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, లోపలి నుంచే ఆఫీసుకి సిక్ అని మెసేజ్ పెట్టి, డాక్టరుకి ఫోన్ చేసి, ముసుగుతన్ని పడుకున్నాడు. కౌసల్య అన్నం పళ్ళెం గుమ్మం దగ్గర పెట్టి వంటింట్లోకి పారిపోయేది. అలా మూడు రోజులు గడిచాక ఆవిడకి అనుమానం వచ్చి తలుపు బయట నిలబడి అడిగింది.

"ఏవండీ, చారులో ఇంగువ ఎక్కువైందని పొద్దున అరిచారు కదా. ఎలా తెలిసిందండీ?"

లోపల మంచం కిర్రుమంది.

"వాసన వచ్చింది" అన్నాడు నరసింహులు.

"మరి నీకు కరోనా ఎక్కడిది నాయనా" అని దణ్ణం పెట్టినంత పని చేసి, కౌసల్య సరాసరి బాల్కనీలోకి వెళ్ళి, తనకొచ్చిన జర్మన్‌లో పక్కాయన్ని అడిగేసింది, మీ కంపు ఏమైందని. జరిగింది తెలిశాక హోర్స్ట్ చాలా నొచ్చుకున్నాడు. ఆ సాయంత్రం అడ్డుగోడ పక్కన నిలబడి నరసింహులుకి క్షమాపణ చెప్పాడు.

"జింక తోలు నానబెట్టాను. పని అయిపోయింది, కడిగేశాను. మీరు దాని మీద ఆధారపడి ఉన్నారని నాకు తెలియదు. తెలిస్తే ఇంకొన్నాళ్ళు ఉంచేవాణ్ణి."

ఆ మాటలో ఎగతాళి లేదు. మనిషి నిజంగానే బాధపడుతున్నాడు. నరసింహులుకి ఆయన మీద అప్పుడే ఇష్టం పుట్టింది.

ఆ తోలు దేనికో తర్వాత తెలిసింది. నలభై ఏళ్ళు ట్రాము నడిపిన హోర్స్ట్, ఆ నలభై ఏళ్ళూ సెలవు దొరికితే చాలు అడవిలోకి వెళ్ళి, 1770ల నాటి కెంటకీ వేటగాడిగా బతికేవాడు. అమెరికా ముఖం ఎప్పుడూ చూళ్ళేదు, చూడాలనీ లేదు. ఇలాంటి పిచ్చే ఉన్న మరి కొంతమందితో కలిసి ఒక సంఘం పెట్టుకున్నాడు, ఏటా వేసవిలో అడవిలో శిబిరం వేస్తారు. జర్మనీలో ఇద్దరికి ఒకే పిచ్చి ఉంటే మూడోవాణ్ణి వెతుక్కుని సంఘం పెట్టేస్తారు, దానికో అధ్యక్షుడు, ఓ నియమావళి కూడా ఏర్పడతాయి. వీళ్ళ నియమం ఒక్కటే: ఒంటి మీద ఉన్నదేదీ ఆ కాలానికి తర్వాతది కాకూడదు. జిప్పు కూడదు, ప్లాస్టిక్ గుండీ కూడదు, మిషన్ కుట్టు అసలే కూడదు. తోక వేలాడే రకూన్ తోలు టోపీ పెట్టుకొస్తే అది సినిమా వాళ్ళ టోపీ అని తీయించేస్తారు.

"మీ సొంతూరు ఏది?" అని అడిగాడు హోర్స్ట్ ఒకనాడు.

"ఇండియా."

"అది తెలుసు. ఊరు?"

ఈ ప్రశ్న ఆ దేశంలో ఆయన్ని అంతవరకు ఎవరూ అడగలేదు. "మచిలీపట్నం" అన్నాడు నరసింహులు, ఎలాగూ తెలియదులే అనుకుంటూ.

హోర్స్ట్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మసూలిపటం?" అన్నాడు. అద్దకం బట్టలు ఓడలెక్కి ప్రపంచమంతా తిరిగిన రేవు! ఆ బట్టలు కట్టని దేశం లేదు! నరసింహులు నోరు వెళ్ళబెట్టాడు. బందరు అంటే హైదరాబాదులో స్నేహితులు కూడా దోమల గురించి, లడ్డూల గురించి తప్ప మాట్లాడేవాళ్ళు కాదు. ఇక్కడ ఒక ట్రాము డ్రైవరు తన ఊరి పేరు విని లేచి నిలబడ్డాడు. అంతే, నరసింహులు పడిపోయాడు. సాయంత్రానికల్లా హోర్స్ట్ ఆయనకో పాత జీవితం కట్టిపెట్టాడు: మసూలిపటంలో ఓడెక్కి, ఫిలడెల్ఫియాలో ఓడ దిగి పారిపోయి, పడమటి అడవుల్లో వేటగాళ్ళలో కలిసిపోయిన నావికుడు. నరసింహులుకి బస్సెక్కినా వాంతులవుతాయి. అయినా సరేనన్నాడు.

ఆ తర్వాత ఏడాది పాటు బాల్కనీలే బడి అయ్యాయి. మనిషికీ మనిషికీ మధ్య ఒకటిన్నర మీటరు ఉండాలని సర్కారు నియమం. హోర్స్ట్ చేతిలోని చెక్క తుపాకి పొడవు కూడా దాదాపు అంతే. దాని కొనకి సూదిని, దారాన్ని, లినెన్ గుడ్డని తగిలించి అడ్డుగోడ మీదుగా ఇటు చాచేవాడు. నరసింహులు తీసుకుని కుట్టేవాడు. వేళ్ళకి పొడుచుకుని "అమ్మా" అనేవాడు. కుట్టింది మళ్ళీ తుపాకి కొనకెక్కి అటు వెళ్ళేది, హోర్స్ట్ కళ్ళజోడు పెట్టుకుని చూసి, మొత్తం విప్పేసి వెనక్కి పంపేవాడు. తప్పులు పట్టే మనిషికి తప్పులు పట్టించుకోవడం కొత్త. అయినా కోపం రాలేదు. ఒక రోజు హోర్స్ట్ బీరు గ్లాసు గోడ మీద పెట్టి, "ఇంకా మీరేమిటి, నువ్వు అను. నేను హోర్స్ట్" అన్నాడు. జర్మన్లు ఆ మాట ఊరికే అనరు. నరసింహులు ఆ రాత్రి కౌసల్యకి ఈ సంగతి రెండుసార్లు చెప్పాడు.

కౌసల్యకి మాత్రం ఈ వ్యవహారం మొదట్లో మింగుడుపడలేదు. తోలు గొట్టాలు, గోచీ పూర్తయిన రోజున ఆయన అవి కట్టుకుని హాల్లోకి వచ్చి నిలబడితే, పైనుంచి కిందికి చూసి అంది.

"మా తాతయ్య గుడివాడ దగ్గర చేలో ఇట్టాగే ఉండేవాడండీ. బ్లూ కార్డు వీసా తెచ్చుకుని జర్మనీ దాకా వచ్చి చివరికి తేలింది గోచీలోనా?"

"ఇది బ్రీచ్‌క్లౌట్ కౌసల్యా. హిస్టారికల్."

"తాతయ్యదీ హిస్టారికలే. వెనక సరిగ్గా దోపుకోండి, ఊడిపోద్ది."

ఆవిడ చెప్పినట్టే మీటింగ్ మధ్యలో ఊడింది. పైన ఆఫీసు చొక్కా, కింద వేటగాడి సరంజామా వేసుకుని కెమెరా ముందు కూర్చున్నవాడు కొరియర్ బెల్ మోగితే లేచాడు. ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడు మేనేజరు ఫోన్ చేసి, ఒంటరిగా అనిపిస్తే మాట్లాడటానికి కంపెనీ వాళ్ళ హెల్ప్‌లైన్ ఉందని మాత్రం చెప్పింది.

మెడలో వేసుకునే కొమ్ము తుపాకిమందు పోసుకునేది. లైసెన్సు లేనివాళ్ళకి అందులో మందు పోయనివ్వరు, కొమ్ము ఖాళీగా వేలాడాలి. ఖాళీ పాత్ర ఇంట్లోంచి బయటికి పంపడం కౌసల్యకి అలవాటు లేదు. అందుకని కందిపొడి పోసి బిరడా పెట్టింది.

మరుసటి వసంతంలో, ఇంకా టీకాకి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరకని రోజుల్లో, హోర్స్ట్‌కి కరోనా వచ్చింది. అంబులెన్సు వాళ్ళు మెట్ల మీద దించుతుంటే నరసింహులు తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆక్సిజన్ మాస్కు పక్కకి తీసి హోర్స్ట్ తాళంచెవి ఇచ్చాడు. మాట పీలగా వచ్చింది.

"నా వేట చొక్కా బీరువాలో ఉంది. ఇంగ్రిడ్ కుట్టింది. అప్పుడప్పుడు గాలికి ఆరెయ్. ఉతకొద్దు. శిబిరానికి తీసుకురా, అక్కడ వేసుకుంటాను."

ఇంగ్రిడ్ ఆయన భార్య. ఆ చొక్కా ఆవిడ చేత్తో చేసిన ఆఖరి పని. చేతి అంచు కుచ్చులు ఒకవైపు కాస్త పొట్టిగా ఉన్నాయి, జబ్బు ముదిరాక కుట్టినవి. హోర్స్ట్ వాటిని ఎప్పుడూ సరిచెయ్యలేదు. తన కుట్లన్నీ విప్పించిన మనిషి అది మాత్రం ముట్టుకోలేదని నరసింహులు ఆ రోజు గమనించాడు.

ఆస్పత్రిలోకి ఎవర్నీ రానివ్వడం లేదు. వారాల తరబడి కబురు లేదు. నరసింహులుకి పొద్దున బాల్కనీలోకి వెళ్ళడానికి మనసయ్యేది కాదు. పక్క బాల్కనీలోంచి మంచి గాలి వచ్చేది, అది పీలిస్తే ఏడుపొచ్చేది. ఆదివారం ఆదివారం చొక్కాని తెచ్చి ఆరేసేవాడు. ఉతకలేదు. గట్టిగా దులపను కూడా లేదు. చొక్కా ఉన్నంతవరకు మనిషి తిరిగొస్తాడని ఒక లెక్క పెట్టేసుకున్నాడు, అడిగితే ఎవరికీ చెప్పేవాడు కాదు గానీ.

జూలైలో ఫోన్ వచ్చింది. హోర్స్ట్ ఆస్పత్రి దాటి, రేహాలో, అంటే రోగులు కోలుకునే ఆశ్రమం లాంటి చోట ఉన్నాడు. నాలుగు మాటలకి ఒకసారి ఊపిరి తీసుకుంటున్నాడు.

"శిబిరానికి ఆఖరి రోజు వస్తాను. టాక్సీలో. చొక్కా ఎలా ఉంది?"

"బాగుంది."

"ఉతకలేదు కదా?"

"లేదు హోర్స్ట్. ఒట్టు."

శిబిరానికి బయల్దేరే రోజు పొద్దున నరసింహులు స్నానం చేసి వచ్చేసరికి రెండు చొక్కాలూ మంచం మీద పరిచి ఉన్నాయి. ఒకటి ఏడాదంతా కుట్టిన తన చొక్కా, రెండోది హోర్స్ట్‌ది. కౌసల్య పసుపు డబ్బాతో పక్కనే నిలబడి ఉంది. కొత్త బట్ట కట్టుకునే ముందు ఓ మూల పసుపు పెట్టకపోతే మన ఇళ్ళల్లో ఊరుకుంటారా? ఆయన చొక్కాకి కింద అంచు మడతలో పెట్టింది. బాగానే ఉంది. హోర్స్ట్ చొక్కాకి మాత్రం ఎడమ రొమ్ము మీద, సరిగ్గా గుండె దగ్గర, రూపాయి బిళ్ళంత గుండ్రటి పసుపు బొట్టు ఉంది.

నరసింహులు చొక్కాని లాక్కుని చూశాడు. "ఏంటిది? ఏం చేశావే?"

"మూల వెతికానండీ. ఎక్కడ చూసినా కుచ్చులే, మీ దానికున్నట్టు మడత లేదు, పసుపు పెట్టడానికి మూలా లేదు. ఖాళీ అక్కడే దొరికింది."

"అది కొత్త చొక్కా కాదు! అది ఇంగ్రిడ్... అసలు దానికెందుకు పెట్టావు?"

కౌసల్య ఏదో చెప్పబోయింది. ఆయన వినలేదు. తన సంచీలోంచి సంఘం వాళ్ళ సబ్బు తీశాడు. బూడిద నీళ్ళు, కొవ్వు కలిపి ఆ కాలం పద్ధతిలో హోర్స్ట్ స్వయంగా కాచిన సబ్బు. చొక్కా మొత్తం ఉతకడం కాదు కదా, మరక వరకే, వేలి కొనతో, కొంచెం. అది ఉతకడం కిందికి రాదని తనకి తాను చెప్పుకుని రుద్దాడు.

బొట్టు భగ్గున ఎర్రబడింది.

పసుపుకి బూడిద సబ్బు తగిలితే ఏమవుతుందో తెలియని ఇంట్లో పెరిగినవాడు కాదు నరసింహులు. చిన్నప్పుడు ఆయనకి దగ్గొచ్చినా తుమ్మొచ్చినా వాళ్ళమ్మ పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్ళు దిష్టి తీసి వీధిలో పారబోసేది. పులిహోరని మూడు మూలలా పరీక్షించే మనిషి, ప్రపంచంలో ఉతక్కూడని ఒకే ఒక్క చొక్కా మీద సబ్బు పెట్టేముందు తన చొక్కా మీద ఒక్కసారి చూసుకోలేదు. చూసుకోకపోగా కంగారులో ఇంకా రుద్దాడు. రూపాయి బిళ్ళ అప్పచ్చి అయింది, అప్పచ్చి అప్పడమంత అయింది. ఇప్పుడు చూస్తే ఎవరో గుండెకి గురిచూసి కాల్చినట్టుంది.

కౌసల్య నిమ్మకాయ తెచ్చి పిండింది. ఎరుపు పోయి మళ్ళీ పసుపయింది. అప్పడం మాత్రం అప్పడంలాగే ఉంది.

"గట్టి ఎండలో రెండ్రోజులు పడేస్తే పసుపు అదే ఎగిరిపోద్దండీ" అంది ఆవిడ మెల్లిగా.

ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూశారు. వాన పడుతోంది. ఆ ఏడు జర్మనీకి వేసవి వచ్చిన గుర్తు లేదు.

అడవిలో శిబిరం అంటే ముందు గుమ్మం దగ్గర టీకా సర్టిఫికెట్ చూపించాలి. అది ఫోన్‌లో ఉంటుంది, ఫోన్ పద్దెనిమిదో శతాబ్దంలో లేదు. అందుకని గుడారాల వెనక తాడు కట్టి ఒక మూల కేటాయించారు. ఆ తాడు దాటితే ఇరవై ఒకటో శతాబ్దం, ఫోన్ తీయొచ్చు. ఇటు వస్తే మళ్ళీ తోలు సంచీలో దాచేయాలి. మాస్కు తప్పదు కాబట్టి దాని మీద లినెన్ గుడ్డ కప్పుకోవాలి. మనిషికీ మనిషికీ మధ్య ఒక తుపాకి దూరం.

తనిఖీ చేసేది గెర్లిండ అనే ఆవిడ. ట్రాముల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైంది, ఒకసారి నడుపుతున్న హోర్స్ట్‌నే టికెట్ అడిగిన ఘనురాలు. భూతద్దం పట్టుకుని, తుపాకి దూరంలో నిలబడి, నరసింహులుని చుట్టూ తిప్పించింది. ఏడాది పాటు వేళ్ళు పొడుచుకుని కుట్టిన కుట్లు చూసి పెదవి విరిచింది. తలకి కట్టుకున్న గుడ్డ దగ్గర మాత్రం ఆగిపోయింది. చేతి అద్దకమా, ఎక్కడిదీ, ఎంత సరిగ్గా ఉందీ అంటూ మురిసిపోయింది. అది కౌసల్య చింపిన పాత కలంకారీ దిండు గలీబు. ఒంటి మీద ఉన్నవాటిలో మారుమాట లేకుండా గట్టెక్కింది అదొక్కటే.

కొమ్ము బిరడా తీసి వాసన చూసి గట్టిగా తుమ్మింది. ఆ రోజుల్లో తుమ్మంటే తుమ్ము కాదు, అందరూ రెండు తుపాకుల దూరం వెనక్కి గెంతారు.

ఆ గందరగోళంలో సంచీ ఒరిగి హోర్స్ట్ చొక్కా బయటపడింది. గెర్లిండ దాన్ని తుపాకి కొనతో ఎత్తి చూసింది. ఇదేం మరక అంది. పసుపు అన్నాడు నరసింహులు. కెంటకీ వేటగాళ్ళు పసుపు వాడినట్టు ఆధారం ఉందా అంది. మసూలిపటం నావికుడి దగ్గర ఉండొచ్చు కదా అన్నాడు ఒకాయన. ఉంటే సంచీలో ఉండాలి, గుండె మీదెందుకు ఉంటుంది అన్నాడు ఇంకొకాయన. ఇది గాయమైతే మనిషి చచ్చిపోయి ఉండాలి, చచ్చినవాళ్ళని శిబిరంలోకి రానివ్వొచ్చా అని మూడో ఆయన సందేహం లేవనెత్తాడు. పెద్ద మనుషులు గోచీలు పెట్టుకుని, వానలో, తుపాకి దూరాన నిలబడి, చొక్కా బతికుందా చచ్చిందా అని ఒక పూటంతా వాదించుకున్నారు. అప్పుడు గెర్లిండ కళ్ళు చేతి అంచు మీద పడ్డాయి, ఒకవైపు పొట్టిగా ఉన్న కుచ్చుల మీద.

"ఇది ఇంగ్రిడ్ కుట్టిన చొక్కా" అంది.

వాదన ఆగిపోయింది. నరసింహులు జరిగిందంతా చెప్పాడు, సబ్బు సంగతి, కౌసల్య అన్న ఎండ సంగతి కూడా. ఉతకొద్దన్నాడనీ, ఒట్టేశాననీ చెప్పాడు.

"ఎండలో పోతుందన్నావు కదూ?" అంది గెర్లిండ. "హోర్స్ట్ వచ్చేది ఎల్లుండి."

ఆ తర్వాత రెండు రోజులు ఆ శిబిరంలో ఎవరూ వేటగాళ్ళుగా బతకలేదు. చొక్కాని ఒక గడకి తగిలించారు. మబ్బు ఎక్కడ విచ్చితే అక్కడికి గడ పట్టుకుని పరుగెత్తారు. "అటు! వాగు దగ్గర ఎండ!" అని ఒకరు అరిస్తే అందరూ అటు. వెళ్ళేలోపు మబ్బు మూసేది. "కొండ మీద!" అంటే కొండ మీదికి. ఒకాయన గోచీ పొదకి పట్టుకుని ఊడింది, తీసుకోవడానికి కూడా ఆగలేదు. గెర్లిండ ఇరవై ఒకటో శతాబ్దపు మూలలోకి పోయి గంట గంటకీ వాతావరణం చూసి వచ్చేది. ఆకలేస్తే గంజిలో కొమ్ములోంచి కందిపొడి చల్లుకుని తిన్నారు. దాని మీద మాత్రం ఎవరూ ఆధారాలు అడగలేదు.

ఆఖరి రోజు మధ్యాహ్నం నిజంగానే ఎండ కాసింది, బయలంతా ఒక్కసారిగా. అదే సమయానికి టాక్సీ వచ్చింది.

మరక పల్చబడింది గానీ పోలేదు. అందరూ గడ ముందు వరసగా నిలబడ్డారు, కనబడకుండా. హోర్స్ట్ చేతికర్ర ఊతంతో మెల్లిగా నడిచి వచ్చాడు. సగమైపోయాడు. ఆ వరసని చూసి ఆగాడు.

"ఎవరు పోయారు?" అన్నాడు.

నరసింహులు పక్కకి జరిగాడు. చొక్కా కనబడింది. హోర్స్ట్ దగ్గరికి వచ్చి మరకని చూశాడు, వేలితో తడిమాడు. అప్పుడే నరసింహులు ఏడ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పాడు. నువ్వు వద్దన్నావు, నేను ఉతికాను, తప్పు నాదే అన్నాడు.

"ఈ పసుపు దేనికి?" అన్నాడు హోర్స్ట్.

"కొత్త బట్ట వేసుకునే ముందు పెడతారు. మంచి జరగాలని."

"ఇది కొత్తది కాదు."

బయల్దేరిన రోజు పొద్దున కౌసల్య అదే చెప్పబోతే నరసింహులు వినలేదు కదా. తాడు దాటి వెనక మూలకి వెళ్ళి, తోలు సంచీలోంచి ఫోన్ తీసి చేశాడు. హోర్స్ట్ తాడుకి ఇవతల నిలబడి చూస్తున్నాడు.

"కౌసల్యా, హోర్స్ట్ చొక్కాకి పసుపెందుకు పెట్టావు? అది పాతది కదా?"

"ఆయన వచ్చాడా? బాగున్నాడా?" అంది ఆవిడ ముందు. తర్వాత అంది: "పాతదేంటండీ. ఆస్పత్రి మంచం మీంచి లేచొచ్చినవాడికి ఒంటి మీద వేసుకునేదల్లా కొత్తదే కాదూ? ఇంట్లో ఆడదిక్కు లేదు, ఎవరు పెడతారని నేను పెట్టాను."

నరసింహులు తనకొచ్చిన జర్మన్‌లో ఆ మాట చెప్పాడు. వ్యాకరణం ఎక్కడెక్కడ తప్పిందో ఆయనకే తెలుసు. హోర్స్ట్ విన్నాడు. చాలాసేపు చేతి అంచు పొట్టి కుచ్చుల్ని వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయాడు. తర్వాత చొక్కాని గడ మీంచి తీసి తొడుక్కున్నాడు. వదులైపోయింది. నరసింహులు నడికట్టు బిగించి కట్టాడు, ఒక తుపాకి దూరం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

గెర్లిండ పరుగున వెళ్ళి స్టూలు తెచ్చి బయలు నడిమధ్య, మంచి ఎండలో వేసింది. "ఇక్కడ కూర్చో హోర్స్ట్. ఈ ఎండ ఉంటే సాయంత్రానికి అదీ పోతుంది."

హోర్స్ట్ ఎండ వైపు చూశాడు, గుండె మీది పసుపు వైపు చూసుకున్నాడు. ఆ స్టూలు ఎత్తుకుని, ఆయాసపడుతూ, గుబురు చెట్టు కిందికి నడిచాడు. సాయంత్రం దాకా నీడ ఎటు జరిగితే అటు స్టూలు జరుపుకుంటూ అక్కడే కూర్చున్నాడు.